కొక్కెపు సూది చరిత్ర – ఊలు కోడిపెట్ట

ఉగాది సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాసి ఇవ్వవలసిందని మన సంఘం పెద్దలు నన్ను కోరినారు. చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి వ్రాయడానికి పండితులు చాలమంది ఉన్నారు. నేను మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాడిని. నాకు తెలిసిన శాసనాలు రైల్వే వారి సర్క్యులర్లు మాత్రమే. అందుచేత రాజుల జోలికి పోకుండా, మన తెరుబలిలో ఏ తెలుగువారి ఇంటికి వెళ్ళినా కనుపించే ఒక చిన్న వస్తువు చరిత్రను పాఠకుల ముందు పెట్టదలచినాను. అది ఊలుతో అల్లి, లోపల దూది కూరి, నల్లపూసలు కళ్లుగా కుట్టిన కోడిపెట్ట బొమ్మ. ఒకప్పుడు టి.వి. మీద, లేసు గుడ్డపైన కూర్చుండేది. టి.వి.లు పలకల వలె పలచబడి గోడకెక్కిన తరువాత పాపం కోడికి చోటు లేక ఫ్రిజ్ మీదికి ఎగిరినది.

ఇది బజారులో కొన్నది కాదు. మన ఆడవారు చేతితో అల్లినది. ఆ చేతిపని వెనుక రెండు ఖండాల కరువులు, ఓడరేవులు, దొరసానులు, దళారులు ఉన్నారంటే మొదట నాకే నమ్మశక్యం కాలేదు.

ముందుగా క్రోషా అంటే ఏమిటో చెప్పుకుందాము. స్వెట్టరు అల్లడానికి రెండు సూదులు కావాలి. కుట్లన్నీ సూది మీదనే వరుసగా నిలిచి ఉంటాయి. క్రోషాకు సూది ఒక్కటే. దాని కొన గాలపు ముల్లువలె వంగి ఉంటుంది. ఫ్రెంచి భాషలో ఆ పేరుకు అర్థమే చిన్న కొక్కెం అని. సూది మీద ఉండేది ఒక్క కన్ను మాత్రమే. ఆ కన్నులోనుండి దారాన్ని లాగితే మరొక కన్ను, దానిలోనుండి లాగితే ఇంకొకటి. అలాగే గొలుసు, గొలుసు మీద వరుస, వరుస మీద వరుస. ఎక్కడ ఆపి పొయ్యి మీది పాలు దించడానికి లేచినా పని చెడదు. ఇంటిపనుల మధ్య ఇది ఇమిడినంత సులువుగా మరే అల్లికా ఇమడదని మా ఇంటిలో చెప్పగా విన్నాను. చివరి కన్నులో ముడి వేయక ముందు కొస పట్టి లాగితే మాత్రం వారం రోజుల శ్రమ నిమిషంలో ఉండలుగా మిగులుతుంది. పిల్లలున్న ఇళ్లవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక విశేషమున్నది. నేతకు మగ్గం మర వచ్చినది, స్వెట్టరు అల్లికకు మర వచ్చినది, కుట్టుకు మిషను వచ్చినది. నిజమైన క్రోషా కుట్టును వేసే మర మాత్రం నేటివరకు వాడుకలోనికి రాలేదు. అట్లు కనుపించే బట్టను నేసే యంత్రాలున్నవి గాని ఆ కుట్టు వేరు. కనుక ప్రపంచంలో ఏ అంగడిలో ఏ దేశపు చీటీతో క్రోషా బొమ్మ కనుపించినా, దానిని ఎక్కడో ఒక మనిషి, నూటికి తొంభైపాళ్లు ఒక స్త్రీ, చేతితో అల్లి ఉండవలసినదే. ఈ మాటను పాఠకులు మనసులో ఉంచుకొనవలెను. ముందు ధర సంగతి వచ్చినప్పుడు పనికి వస్తుంది.

యూరపులో లేసు చాల పాతది, చాల ఖరీదైనది కూడ. రాజులు, మతగురువులు మెడచుట్టూ, ముంజేతుల చుట్టూ ధరించేవారు. అంగుళం లేసు అల్లడానికి రోజులు పట్టేది. 1809లో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లీషువాడు వలబట్టను అల్లే యంత్రానికి పేటెంటు పొందినాడు. దానితో చేతి లేసు వారి బ్రతుకు కూలినది. అటువంటి కాలంలో తక్కువ ఖర్చుతో, ఒక్క కొక్కెంతో, లేసును పోలిన పనిని చేసే క్రోషా పైకి వచ్చినది. 1823లో హాలెండు దేశపు స్త్రీల పత్రిక ఒకటి క్రోషా నమూనాలను అచ్చువేసినది. పత్రిక పేరు పెనెలోపె. అచ్చులో మనకు దొరికే మొదటి క్రోషా నమూనాలు అవే అంటారు. అంటే మన కోడిపెట్ట వంశావళి రెండువందల ఏళ్లకు పెద్దగా మించి పోదు. వేదకాలంనుండి ఉన్నదని ఎవరైనా చెప్పినచో నమ్మవద్దు.

ఆ పిమ్మట ఐర్లండు. 1845లో ఆ దేశంలో బంగాళాదుంప పంటకు తెగులు సోకినది. అక్కడి బీదలకు బంగాళాదుంపయే అన్నం. నాలుగైదేళ్లలో సుమారు పదిలక్షలమంది ఆకలితో, జ్వరాలతో మరణించినారు. మరి పదిలక్షలమంది ఓడలెక్కి దేశం విడిచినారు. పొట్ట చేతపట్టుకొని ఊరు విడిచిన మనవంటివారికి ఆ లెక్క ఒట్టి అంకెగా కనుపించదు. ఆ కరువులో కార్క్ నగరం దగ్గరి అర్సులిన్ సన్యాసినులు బీద బాలికలకు క్రోషా నేర్పి, వారు అల్లినదానిని అమ్మించి గింజలు కొనిపెట్టినారు. 1847లో క్లోన్స్ అనే ఊరిలో అక్కడి చర్చి గురువు భార్య కసాండ్రా హాండ్ అనే ఆమె అదే పనిని మొదలుపెట్టినది. క్లోన్స్ లేసు అని దానికి పేరు వచ్చినది.

అక్కడివారు పనిని విడగొట్టిన తీరు గమనింపదగినది. ఒకామె గులాబి పువ్వు మాత్రమే అల్లేది, మరొకామె ఆకు మాత్రమే అల్లేది. ఎవరి పువ్వు వారి రహస్యం. ఈ పువ్వులనూ ఆకులనూ చేర్చి, మధ్య వలవలె కలిపి, కాలరుగా రవికగా తయారుచేసే పని వేరొకామెది. పువ్వు అల్లిన ఆమె తన పువ్వు ఏ దొరసాని మెడపై కూర్చున్నదో ఎన్నడూ చూడదు. ఈ పద్ధతిని మనం కొద్దిసేపటిలో గోదావరి ఒడ్డున మళ్ళీ చూడబోతున్నాము.

గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో నరసాపురం ఉన్నది. రైలు పట్టాలు అక్కడితో ఆగుతాయి. బట్ట విషయంలో ఆ ప్రాంతం లోకానికి కొత్త కాదు. దానికి ఎగువన పాలకొల్లులో డచ్చివారు వర్తకశాల పెట్టినారు. నరసాపురం పక్కనే ఉన్న మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు పెట్టినారు. ఆ పేరు వారి నోట మడపోలం అయినది. అక్కడి తెల్లని నూలుబట్ట ఓడలలో పోయి పోయి, చివరకు అటువంటి బట్టకే ఇంగ్లీషు నిఘంటువులలో మడపోలం అనే పేరు స్థిరపడినది. ఊరు గోదావరిలో చాలభాగం కలిసిపోయినా పేరు బట్టకు మిగిలినది. తరువాత ఇంగ్లండు మరలు నేసిన బట్ట వచ్చి మన సాలెవారి మగ్గాలను మూలకు నెట్టినది. దానిమీద 1832-33లో నందన కరువు. గుంటూరు సీమకు జరిగినది చాలమందికి తెలుసును గాని, గోదావరి జిల్లా కూడ ఆ రోజులలో చాల నష్టపోయినది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తి అయినది. దానికి ముందు డెల్టా అంటే నేటి పచ్చని చేలు కావు, ఒక ఏడు వరద, మరొక ఏడు ఎండ.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు భార్యలతో సహా తెలుగుదేశానికి వచ్చి, కొంతకాలానికి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాన స్థిరపడినారు. గోదావరి డెల్టా మిషను వారితో మొదలైనది. లేసు సంగతికి వస్తే, 1844 ప్రాంతంలో మక్రే అనే స్కాట్లండు దంపతులు అక్కడి స్త్రీలకు ఈ పని నేర్పినారని నరసాపురంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ప్రభుత్వ పత్రాలు కూడ అదే చెబుతున్నవి. ఎగువన భద్రాచలం దాటి దుమ్ముగూడెంలో 1860 తరువాత ఏర్పడిన మిషనులో కూడ దొరసానులు బాలికలకు లేసు నేర్పినారు. దుమ్ముగూడెం లేసు అని దానికి ప్రత్యేకమైన పేరు ఉండేది. మొదట నేర్చినవారు కొత్తగా క్రైస్తవులైన బీద కులాల స్త్రీలు. పొలం కూలి లేని రోజులలో గంజికి ఆధారమవుతుందని దొరసానులు నేర్పినారు. అటు ఐర్లండులో సన్యాసినులు అనుకొన్నదీ ఇదే. లేసును విదేశాలలోని తమ స్నేహితులకు పంపి, వచ్చిన డబ్బు పంచేవారు. అంతవరకు ఇది ధర్మకార్యంగానే సాగినది.

ఇరవయ్యవ శతాబ్దం మొదలయ్యేసరికి వర్తకులు ప్రవేశించినారు. పార్సెల్ తపాలాలో లేసు సముద్రాలు దాటినది. కాపు కుటుంబాల స్త్రీలు, ఘోషా పాటించే ఇళ్లవారు, గడప దాటి కూలికి పోవడం పరువు తక్కువ అనుకొన్నవారు, ఈ పనిని చేపట్టినారు. గడప లోపలే కూర్చుండి సంపాదించవచ్చును, పేరుకు కూలి కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపట్ల అరుగుల మీద మధ్యాహ్నం పూట నలుగురైదుగురు స్త్రీలు గుంపుగా కూర్చుండి, చూపు ఎటో ఉన్నా వేళ్లు ఆగకుండా అల్లుతూ ఉండడం ఆ ప్రాంతం వారందరికీ పరిచయమైన దృశ్యమే.

మా మేనత్త ఆ వైపు కోడలు. ఏడెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే సూది పట్టినదట. ఆమె చెప్పిన పద్ధతి ఇది. షావుకారు దారం ఇస్తాడు. దళారి ఆ దారపు కట్టలను ఊళ్లలో పంచుతాడు. కొందరు పువ్వులు, బిళ్లలు మాత్రమే అల్లుతారు. దానిని చేతిపని అంటారు. మరికొందరు వాటిని ఒకదానితో ఒకటి కలిపి బల్లగుడ్డగా, దుప్పటిగా అతుకుతారు. అది అతుకుపని. మరల దళారి వచ్చి సరుకు తీసికొని, ఇన్ని కట్టల దారానికి ఇంత అని కూలి లెక్కకట్టి ఇస్తాడు. క్లోన్స్ గులాబికీ మా అత్త బిళ్లకూ తేడా ఏమున్నది? ఆమె వేలాది బిళ్లలు అల్లినది గాని పూర్తి అయిన దుప్పటిని తన మంచం మీద ఒక్కనాడు పరచుకొనలేదు. “ఎందుకత్తా, ఒకటి అల్లుకోరాదూ?” అని అడిగితే, “దారం మనది కాదు కదరా అబ్బాయీ” అన్నది.

దళారి మాపులో మోసం చేసేవాడా అని కూడ అడిగినాను. ఆమె నవ్వి, మోసం కన్న మామూలే ఎక్కువ అన్నది. మురికి పట్టిందని కొంత, కుట్టు వదులైందని కొంత కోసేవాడట. ఎవరికి చెప్పుకోవాలి? కార్మికులైతే సంఘముండును. వీరు ఇల్లాండ్రు గదా!

ఈ మాటనే పట్టుకొని ఒక పెద్ద పుస్తకం వచ్చినది. మరియా మీస్ అనే జర్మను సమాజశాస్త్రవేత్త 1970ల చివర నరసాపురం వచ్చి, ఇంటింటికి తిరిగి లేసు అల్లే స్త్రీలను విచారించి, 1982లో లండనులో నరసాపురం లేసు కార్మికుల మీద గ్రంథం ప్రకటించినది. లక్షకు పైగా స్త్రీలు ఆ పనిలో ఉన్నారని ఆమె అంచనా. దినానికి ఆరు నుండి ఎనిమిది గంటలు, ఇంటిపని కాక, అల్లితే వచ్చేది ఆనాటి లెక్కలో రూపాయికి కూడ లోపు. అదే రోజులలో పొలం కూలికి పోయిన స్త్రీకి ప్రభుత్వం నిర్ణయించిన కూలి అంతకు ఎన్నో రెట్లు. ఇంత తక్కువ ఎందుకంటే, అందరూ, వర్తకులూ, భర్తలూ, ప్రభుత్వపు లెక్కలవారూ, దీనిని తీరికవేళ వ్యాపకం అన్నారు. తీరిక వేళకు కూలి ఏమిటి? అల్లినవారు కూడ తమను పనివారమని చెప్పుకొనలేదు, ఇంటిలో కూర్చున్నవారమని చెప్పుకున్నారు. ఆ “ఇంటిలో కూర్చున్నవారు” అల్లినదే ఆంధ్రప్రదేశ్ చేతిపనుల ఎగుమతిలో అత్యధిక భాగమయినది. మీస్ గారు 2023లో మరణించినారు. ఆమె పుస్తకాన్ని ప్రపంచంలో అనేక విశ్వవిద్యాలయాలలో చదువుతారు. నరసాపురం పేరు బట్ట వలన ఒకసారి, ఈ పుస్తకం వలన మరొకసారి దేశదేశాల నిలిచినది.

మా ఆఫీసులోని ఉత్తరాదివారు ఒక సామెత అంటూ ఉంటారు, ఇంటి కోడి పప్పుతో సమానమని. బయట వందలు పెట్టి తినే కోడి కూర ఇంటిలో కోడి ఉన్నవాడికి పప్పు కింద లెక్క. మనవారు పెరటి చెట్టు మందుకు రాదన్నదీ అదే. ఇంటి ఆడవారి చేతిపనికి ఈ రెండు సామెతలూ వర్తిస్తాయి. అయితే సామెతలు ఉన్నవి గదా అని లెక్క వేయడం మానకూడదు. లెక్కలు వ్రాసి జీతం తీసికొనే నావంటివాడు అసలే మానకూడదు.

ఇటీవలి సంగతులు చెప్పవలెనంటే, రుస్తుంబాద వద్ద అలంకృతి అనే లేసు పార్కు ఏర్పడినది. చైనా నుండి వచ్చిన మర లేసు పోటీకి గిరాకి ఒక దశలో బాగా తగ్గినది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. అనగా ఇతర చోట్ల చేసిన సరుకును ఆ పేరుతో అమ్మరాదు. పేరు కాపాడబడినది. కూలి సంగతి ఆ కాగితంలో లేదు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకు కొరాపుట్, రాయగడ ప్రాంతమంతా మదరాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాకు చేరిన జయపురం సంస్థానం. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి లైను విజయనగరం నుండి పార్వతీపురం వరకు 1909 నాటికే వచ్చినా, అడవులు కొండలు దాటి రాయపూరు వరకు పూర్తి అయినది 1931లో. గుమడ, కూనేరు, జిమిడిపేట, లడ్డ, రాయగడ, సింగపురం రోడ్డు, ఆపైన మన తెరుబలి. ఈ స్టేషన్ల పేర్లు చదివితేనే తెలుగెక్కడ ముగిసి ఒడియా ఎక్కడ మొదలైనదో చెప్పడం కష్టం. 1960ల చివర తెరుబలిలో ఫెర్రో అల్లాయ్ కర్మాగారం పని మొదలుపెట్టినది. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయినది. కర్మాగారానికి, రైల్వేకు, వర్తకానికి బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుండే కాక గోదావరి జిల్లాల నుండి కూడ కుటుంబాలు వచ్చినవి. ట్రంకు పెట్టెలలో ఆవకాయ జాడీలతోపాటు క్రోషా సూదులూ వచ్చినవి. గోదావరి వదినగారి దగ్గర శ్రీకాకుళం మరదలు నేర్చినది. ఆమె దగ్గర పక్క క్వార్టరు ఒడియావారి అమ్మాయి నేర్చినది. సన్నని తెల్లదారం స్థానే లూధియానా ఊలు వచ్చినది. ఇక్కడ చలికాలం మన సముద్రపు ఊళ్ల వంటిది కాదు, స్వెట్టరు అల్లవలసి ఉండేది. మిగిలిన ఊలు ముక్కలే మొదట బొమ్మలైనవి.

మనం ఉన్న చోట అంతకు ముందే సూదిపని లేదనుకొనరాదు. తెరుబలి నుండి రైలులో అంబొదల వైపు పోయేటప్పుడు కనుపించే నియమగిరి కొండలలో డోంగ్రియా కంధులు నివసిస్తున్నారు. వారి స్త్రీలు తెల్లని ముతక బట్ట మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టే శాలువ పేరు కప్డాగండా. దానిలోని త్రికోణాలు వారి కొండలకు గుర్తులు. పెండ్లి కావలసిన పిల్ల తాను మనసిచ్చిన వానికి, లేదా అన్నదమ్ములకు, తండ్రికి, కుట్టి ఇచ్చుట వారి ఆచారం. దీనికి కూడ 2024లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినది. నరసాపురం అరుగు, నియమగిరి కొండ, రెండింటికీ ఒకే సంవత్సరం చీటీ దొరికినది. తేడా ఒకటే. కంధు స్త్రీ తాను కుట్టినది ఎవరు కప్పుకుంటారో ఎరుగును.

అన్నీ విడిచి కోడిపెట్ట ఎందుకు? దీనికి యూరపు అలవాటు కొంత కారణం. ఈస్టరు పండుగకు వారు గుడ్డు, కోడి బొమ్మలు ఇళ్లలో పెడతారు. ఉడికించిన గుడ్డు వేడి చల్లారకుండా చిన్న ఊలు టోపీ తొడగడం ఇంగ్లీషువారి పద్ధతి. ఆ టోపీని కోడి ఆకారంలో అల్లడం వారికి సరదా. తేనీటి కెటిలు తొడుగులు కూడ అంతే. లోపల దూది కూరి నిండు బొమ్మగా చేసే పద్ధతి మాత్రం నేడు లోకమంతటా జపానువారి పేరుతో చెలామణి అవుతున్నది. అమిగురుమి అంటారు. అమి అనగా అల్లిక, నుయిగురుమి అనగా దూది కూరిన బొమ్మ. 2000 తరువాత ఇది అన్ని దేశాలకు ప్రాకినది. ఫోనులో చూచి మన పిల్లలు ఆ పేరు పలుకుతున్నారు గాని, ఊలు కోడి అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

మన వైపు కారణాలూ లేకపోలేదు. లేసుకు పేరుపొందిన గోదావరి జిల్లాలే కోడిపందేలకూ పేరుపొందినవి. మగవారు పుంజులకు కాకి, డేగ, నెమలి, సేతు అని రంగును బట్టి పేర్లు పెట్టి, సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టూ వేలకు వేలు పోగొట్టుకుంటారు. ఆడవారు పెట్టను అల్లుతారు. ఈ కోడి గింజలు అడగదు, కత్తి కట్టించుకోదు, పోలీసులు రారు. బొమ్మల కొలువులో కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల పక్కన పెట్టినా చిన్నబోదు.

ఇప్పుడు ధర సంగతి. మా ఇంటిలో అల్లిన కోడిని చూచి ఒక బహుమతుల దుకాణం వారు అరవై రూపాయల చొప్పున ఎన్నయినా కొంటామన్నారు. ఇంటిలో సంతోషించినారు. నేను కాగితం తీసికొని లెక్క వేసినాను. ఊలు, పూసలు, దూది కలిసి ముప్పైఅయిదు రూపాయలు. మిగిలినది ఇరవైఅయిదు. ఒక కోడికి ఆరు గంటల పని. గంటకు నాలుగు రూపాయల పదహారు పైసలు. దుకాణంలో దానికి పెట్టబోయే ధర మూడువందలని తరువాత తెలిసినది. “ఊరికే కూర్చునే బదులు అల్లుతారు గదండీ, వచ్చినంత లాభమే కదా” అని వారు మర్యాదగానే అన్నారు. మా మేనత్తకు షావుకారు చెప్పిన మాట, మీస్ గారు పుస్తకంలో వ్రాసిన మాట, వంద సంవత్సరాలు తిరిగి మా వరండాలోకి వచ్చి కూర్చున్నట్లయినది. మా ఇల్లాలు ఇవ్వనన్నది. “ఏమండీ, దారం ఈసారి మనదే గదా” అన్నది.

నిరుడు ఉగాదినాడు మన సంఘం వేడుకలో ఒక బల్ల వేసి, కోడి మెడలో అట్టముక్క మీద “ఊలు 35 రూపాయలు, పని 6 గంటలు, వెల 250” అని వ్రాసి తొమ్మిది కోళ్లు పెట్టినది. అమ్ముడుపోయినవి మూడు. ధర ఎక్కువన్నవారు చాలమంది. గంటలు వ్రాయడమేమిటి, సిగ్గుచేటన్నవారూ ఉన్నారు. తొమ్మిదింటిలో మూడు అంటే వర్తకం కాదని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ అట్టముక్క చదివిన తరువాత మరి నలుగురు ఆడవారు తమ పనికి గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టినారు. ఈ ఏడు కూడ బల్ల ఉంటుంది. ధర తగ్గింపబడదని ముందుగానే మనవి చేస్తున్నాను.

అల్లదలచిన సోదరీమణులకు, నేర్వదలచిన సోదరులకు, పద్ధతి వ్రాసి ముగిస్తాను. ఇది మా ఇంటిలో చెప్పగా వ్రాసికొన్నది. మూడు మిల్లీమీటర్ల సూది, మామూలు స్వెట్టరు ఊలు చాలును. పుస్తకం గాని ఫోను గాని చూచేవారికి ఒక హెచ్చరిక. బ్రిటిషువారు డబల్ అన్న కుట్టునే అమెరికావారు సింగిల్ అంటారు. ఎవరి లెక్కో చూచుకొనక మొదలుపెడితే కోడి కొంగ అవుతుంది. నేను చెప్పే పొట్టికుట్టు అమెరికావారి సింగిల్.

వేలికి ఊలు చుట్టి ఉంగరం చేసి, దానిలో ఆరు పొట్టికుట్లు వేసి బిగించండి. రెండవ వరుసలో పన్నెండు, మూడవదానిలో పద్దెనిమిది, అలా వరుసకు ఆరు చొప్పున పెంచుతూ ఆరవ వరుసకు ముప్పైఆరు చేయండి. ఆరే ఎందుకని నాకు సందేహం కలిగినది. మెట్రిక్ లెక్కలే సమాధానమిచ్చినవి. వృత్తానికి వ్యాసార్థం ఒకటి పెరిగితే చుట్టుకొలత ఆరుంపావు పైచిలుకు పెరుగుతుంది. పొట్టికుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం గనుక ఆరు పెంచితే బిళ్ల బల్లపరుపుగా వస్తుంది. తక్కువ పెంచితే గిన్నె అవుతుంది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది. ఈ కుచ్చిళ్ల సంగతినే ఆధారం చేసికొని 1997లో డైనా టైమిన్యా అనే లాట్వియా దేశపు గణితశాస్త్రజ్ఞురాలు, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, పెద్ద పెద్ద ఆచార్యులకే ఊహించడం కష్టమైన ఒక వంపు తలాన్ని క్రోషాతో అల్లి చేతికిచ్చినది. మన కోడి జుట్టులో ఉన్నదీ ఆ కుచ్చిళ్లే.

ముప్పైఆరు కుట్లతో పెంచక తగ్గించక ఎనిమిది వరుసలు అల్లితే పొట్ట. తరువాత వరుసకు ఆరు చొప్పున తగ్గిస్తూ రండి. పద్దెనిమిదికి వచ్చినప్పుడు దూది కూరండి. మన కొండలలో దొరికే బూరుగు దూది మెత్తగానే ఉంటుంది గాని సందులలోనుండి బయటికి వస్తుంది. పాత రవికగుడ్డతో సంచి కుట్టి దానిలో పెట్టి కూరవలెను. ఆరు కుట్లకు వచ్చాక ముడి బిగించండి. తలకు ఇదే పద్ధతిలో ఇరవైనాలుగు కుట్లవరకు పెంచి, నాలుగు వరుసలు అల్లి, పన్నెండుకు తగ్గించి, దూది కూరి పొట్టకు కుట్టండి. రెక్కలకు పద్దెనిమిది కుట్ల బిళ్లలు రెండు, సగానికి మడిచి అతకండి. జుట్టుకు ఎర్ర ఊలుతో పదమూడు చైన్లు వేసి, చివరి చైను విడిచి తిరిగి వచ్చేటప్పుడు ఒక కన్ను వదలి రెండవ కన్నులో ఐదు పొడవు కుట్లు, మళ్ళీ ఒకటి వదలి ఒక పొట్టికుట్టు, ఇలా మూడుసార్లు. తోకకు కూడ ఇదే పని, ఒంటి రంగు ఊలుతో. ముక్కుకు పసుపు ఊలు ఆరు కుట్లు చాలును.

కళ్లకు నల్లపూసలు అందమే గాని, ఇంటిలో పాకే పిల్ల ఉంటే పూసలు పెట్టవద్దు, ఊడి నోటిలో పోతాయి. నల్లదారంతో నాలుగు పోట్లు కుట్టండి.